బిర్యానీ రంగు గుడ్లు

ఈస్టర్ ఆదివారం వస్తుంది. ఖతర్‌లో ఆదివారం డ్యూటీ ఉంటుంది. అందుకని అల్ అజీజియాలోని మా కాంపౌండ్‌లో పిల్లల గుడ్ల వేట తర్వాతి శుక్రవారం పెట్టారు. మేము క్రైస్తవులం కాము. రెండేళ్లు దాటిన నా కూతురికి వేటంటే ఏమిటో తెలియదు. అయినా తీసుకెళ్లాను. ఇంట్లో ఉంటే అన్నం తినిపించే ప్రయత్నం మళ్లీ మొదలుపెట్టాలి.

నా భార్య పోయి అప్పటికి కొన్ని నెలలే. పాపకు తల్లి చేతి ముద్దే తెలుసు. నేను గిన్నె పట్టుకుని కూర్చుంటే పెదవులు బిగించేది. పాలు తాగేది, బిస్కెట్ నాకేది, అంతే. బిగుతుగా ఉండే గౌన్లు వదులయ్యాయి. నిజామాబాద్ దగ్గరి ఊరి నుంచి అత్తమ్మ రోజూ ఫోన్ చేసేది.

"బిడ్డ ఎండిపోతున్నది. దుబాయ్‌ల ఒక్కనివి ఎట్ల సాదుతవు? నా దగ్గర ఇడిచిపెట్టు."

దుబాయ్ కాదు ఖతర్ అని చెప్పడం ఎప్పుడో మానేశాను. తిండి దారికి రాకపోతే ఎండాకాలం సెలవుల్లో పాపను ఆమె దగ్గర వదిలేస్తానని మాటిచ్చాను. మిత్రులు దుఃఖం గురించి పుస్తకాలు పంపారు. అన్నీ చదివాను. మూసిన నోట్లోకి ముద్ద ఎలా వెళుతుందో ఒక్కదాంట్లోనూ లేదు.

వేట నడిపించేది గుంటూరు వైపు ఆవిడ. ప్లాస్టిక్ గుడ్లు దుకాణాల్లో అయిపోయాయట. నిజం గుడ్లే ఉడకబెట్టి రంగు వేశారు. దొరికింది బిర్యానీ రంగు ఒక్కటే కాబట్టి గుడ్లన్నీ నారింజ రంగులోనే ఉన్నాయి. దాచడానికి పొదలు లేవు, ఇసుకలో పాతారు. గోడ అవతల కడుతున్న టవర్ల దుమ్ము పైనుంచి రాలుతూనే ఉంది.

"పెద్దవాళ్లు ముగ్గు గీత దాటొద్దండీ!" అని ఆవిడ మైకులో అరిచింది.

తండ్రులు ముందు దాటారు. ఒక ఇంజనీరు పిల్లల పార లాక్కుని తవ్వుతున్నాడు. ఆయన కొడుకు ఖాళీ బుట్ట పట్టుకుని ఏడుస్తున్నాడు.

"ఏడవకు నాన్నా, యల్లా, త్వరగా, బుట్ట పట్టు!"

నా కూతురు కూర్చోబెట్టిన చోటే కూర్చుని బూటులో ఇసుక పోసుకుంటోంది. తవ్వమన్నాను. చేసి చూపించాను. బతిమాలాను. రెండో బూటు కూడా విప్పింది.

"అన్నయ్యా, మీ పాప మడమ కిందే ఉంది!" అని మైకు చెప్పింది. అందరూ మావైపు చూశారు.

పాప గుడ్డు తీసింది. బుట్టలో వేయలేదు. సిమెంటు అంచుకు కొట్టింది.

"అయ్యయ్యో, పగలగొట్టకూడదమ్మా! గుడ్లు లెక్కపెట్టే కదా ప్రైజ్ ఇచ్చేది!" గుంటూరు ఆవిడ పరిగెత్తుకొచ్చింది.

మా పక్క ఫ్లాట్‌లో ఉండే హైదరాబాదీ ఆవిడ అడ్డం వచ్చింది. "అరె బాజీ, గుడ్డు తినేటందుకే గదా! ఖానే దో నా బచ్చీకో, తిననియ్యి."

"రూల్ రూలేనండి."

"గుడ్డుకు గూడ రూలా?"

వాళ్లు అలా వాదించుకుంటూ ఉండగానే పాప సగం పెంకు తీసి కొరికింది. పళ్ల కింద ఇసుక కరకరలాడింది. కడిగిద్దామని చేయి చాచాను. నోరు మూసేసింది. పెదవుల ఆ బిగింపు నాకు బాగా తెలుసు. చేయి వెనక్కి తీసుకున్నాను. నోరు తెరుచుకుంది.

పసిపిల్లలకు కలిపి, చల్లార్చి, నోట్లో పెడితేనే తిండి అని మా ఇళ్లలో నమ్మకం. నాకూ అదే తెలుసు. తల్లి చేయి లేదు కాబట్టి నా చేయి పెట్టాలనుకున్నాను. ఈ పిల్లకు ఇంకో చేయి అక్కర్లేదు.

తెల్లసొన అంతా తిని, పచ్చసొన ఇసుకలో పారేసి, "ఇంకా" అంది. ఇంటికెళ్లాక ఆ పూట అన్నమూ కంచంలో పెట్టి దూరంగా కూర్చున్నాను. సగం నేల మీద పోసింది. సగం తింది.

సాయంత్రం అత్తమ్మకు చెప్పాను.

"ఎవ్వలు తినిపిచ్చిన్రు?"

"ఎవ్వలు తినిపియ్యలేదు అత్తమ్మా. తనే తిన్నది."

"గింత పోరి తనే తిన్నదా? తండ్రివి నువ్వేం జేస్తున్నవ్?"

"ఊకె కూసున్న."

 లైనులో ముక్కు చీదిన శబ్దం.

"సరే, బిడ్డను నీ తాననే ఉండనియ్యి. గుడ్డు వేడి చేస్తది గని, మజ్జిగ తాపు," అని ఫోన్ పెట్టేసింది.