కొట్టు వదిన కూరగాయల ఫ్రిజ్

ఆ వీధిలో పలక పట్టిన పిల్లల దగ్గర్నుంచి పళ్ళూడిన పెద్దల దాకా అందరికీ ఆవిడ వదినే. కొట్టు నడిపే మనిషిని ఊరంతా అన్న అనేవారు కాబట్టి, ఆయన భార్య వదిన అయింది. అన్న పోయినా వదిన వదినగానే మిగిలింది. కొత్త వరస కలపడానికి ఎవరికీ నోరు రాలేదు.

కొట్టు పెద్దదేం కాదు. కాస్త ఒళ్ళున్న మనిషి లోపల నిలబడితే వెనకవాళ్ళకు దారి ఉండదు. గల్లాపెట్టె వెనక సిగరెట్లు, పైన సబ్బులు, కింద బిస్కెట్లు, గుమ్మానికి వేలాడే చిప్స్ ప్యాకెట్లు. ఆ పేటలో కాళ్ళు పడిపోయేలా తిరిగినా ఇంతకు మించిన తిండి దొరకదు. మందు మాత్రం ఏ మలుపులోనైనా దొరుకుతుంది. పచ్చగా ఉన్నదేదైనా కొనాలంటే రెండు బస్సులు మారి పెద్ద మార్కెట్టుకు వెళ్ళాలి. ఒళ్ళు బాగుచేసుకోవడానికి రెండు బస్సులు, పాడుచేసుకోవడానికి పది అడుగులు! ఈ ఏర్పాటు చేసిన మహానుభావులెవరో గానీ వాళ్ళ వంటింటికి కూరగాయలు ఎవరో తెచ్చిస్తుంటారు.

అన్నకు షుగరు. ఆకుకూరలు తినమన్నాడు డాక్టరు. తినమనడానికేం, నోరు ఆయనది, బస్సు ఎక్కాల్సింది అన్న. అన్న సంచి పట్టుకుని వెళ్ళేవాడు. ఎండలో ఇల్లు చేరేసరికి పాలకూర తడిగుడ్డలా వేలాడేది. "ఇది ఎక్కువ వాడిందా, నేనా? చూసి చెప్పు" అని వదినతో నవ్వేవాడు. కొన్నాళ్ళకు వెళ్ళే ఓపిక పోయింది. కొట్టులో ఉన్నదే తిన్నాడు. కొట్టులో ఉన్నదేమిటో చెప్పాను కదా.

కూరగాయలు దొరకని పేటల్లో కొట్లకు డబ్బు సాయం చేసే సంస్థ ఒకటి ఉందని ఆ రోజుల్లోనే ఎవరో చెబితే, అన్న వాళ్ళను అడిగాడు. గాజు తలుపుల ఫ్రిజ్ ఇస్తామన్నారు. మార్కెట్టు నుంచి వారానికి రెండుసార్లు సరుకు తెచ్చే వ్యానుకు కిరాయి కూడా తామే కడతామన్నారు. అన్న రోజూ వీధిలోకి చూస్తూ కూర్చునేవాడు. ఫ్రిజ్ వచ్చింది. ఆయన పోయాక వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే సామెత అనుకుంటాం. ఇక్కడ నిజంగా ఆకులే వచ్చాయి.

అన్న పోయిన రోజు వదిన ఏడవలేదు. ఇప్పుడేడుస్తుందా, కాసేపటికేడుస్తుందా అని అందరూ ఆమె మొహంకేసి చూస్తూ కూర్చున్నారు. ఆసుపత్రివాళ్ళు ఏదో అడిగితే "మీ ఇష్టం" అంది. చుట్టాలు ఎప్పుడు, ఎక్కడ, ఎలా అని అడిగితే "మీ ఇష్టం" అంది. ఇక ఆ మాటే నోటికి పట్టేసింది. ఫ్రిజ్ ఎక్కడ పెట్టమంటారని తెచ్చినవాళ్ళు అడిగినా అదే జవాబు. వాళ్ళు అన్న కూర్చునే స్టూలును బయట పడేసి ఆ చోట పెట్టేశారు. ఆమె చూస్తూ నిలబడింది, అంతే. బాధ ఉందా అంటే లేదు. కోపం లేదు. పన్ను పీకేముందు ఇచ్చే మత్తు మనసుకు ఇచ్చినట్టుంది. అది దిగడం లేదు.

చేతులు మాత్రం పని మానలేదు. వ్యాను రాగానే క్యారెట్లు తుడిచేది, పాలకూర మొదళ్ళు కోసి నీళ్ళు చిలకరించేది, కాబేజీకి నలిగిన పై ఆకులు వలిచేది. కొనేవాళ్ళు కొందరున్నారు. బీపీ ఉన్న తాతగారు, కడుపుతో ఉన్న ఎదురింటి అమ్మాయి, ఇంకొందరు. మిగతావాళ్ళు ఫ్రిజ్‌ను తెగ మెచ్చుకుని చిప్స్ కొనుక్కుపోయేవారు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం ఖాళీ! ఏళ్ళ తరబడి పొట్లాలు తిన్న నోళ్ళు ఒక్క ఫ్రిజ్ చూసి మారిపోవు. కాస్త కాస్తగా మారుతున్నాయి కూడా. మొన్ననే ఒకావిడ బీన్స్ ఎలా వండాలో అడిగి పట్టుకెళ్ళింది. వ్యాను ఇంకొంతకాలం వస్తే అలవాటు పడతారు. రాకపోతే కొట్టు మూసి సరుకు కోసం మార్కెట్టుకు పోయే దిక్కు వదినకు లేదు.

అలాంటప్పుడు సంస్థ నుంచి ఫోనొచ్చింది. అమ్మకాలు చూసి వ్యాను కొనసాగించాలో ఆపాలో తేల్చడానికి ఆఫీసరు వస్తున్నాడట.

పక్కగదిలో బట్టలు కుట్టే ఆవిడ ఉంది. మెషినైనా ఆగుతుందేమో గానీ ఆవిడ నోరు ఆగదని వీధంతా గడగడ అని పిలుస్తారు. పిలిస్తే పలుకుతుంది కూడా. ఈ కబురు వినగానే కత్తెర చేత్తోనే పరిగెత్తుకొచ్చింది.

"ఇంకేముంది వదినా, కొంప మునిగింది! బేరం లేదని చూశాడంటే వ్యాను ఆపేస్తాడు."

"చూస్తే చూడనీ."

"చూడనీ ఏంటి? పిల్లలు తక్కువున్నారని బడి ఎత్తేశారా లేదా? ఎక్కేవాళ్ళు లేరని సాయంత్రం బస్సు తీసేశారా లేదా? మనకేదైనా ఉంచారంటే అది నిండుగా ఉందనే ఉంచుతారు. అందుకే నిండుగా చూపిద్దాం. అందర్నీ నేను పోగేస్తాను. కొన్నట్టు కొంటాం, ఆయన పోగానే వెనక గుమ్మంలోంచి తిరిగిచ్చేస్తాం."

"అబద్ధం కదే?"

"అబద్ధమేంటి, నాటకం. అన్న ఆశపడి తెచ్చుకున్న ఫ్రిజ్ అది. నువ్వు గల్లా దగ్గర కూర్చో చాలు. సరేనా?"

"నీ ఇష్టం" అంది వదిన.

ఆఫీసరు వచ్చిన రోజు కొట్టు చూడాలి! వరస వీధిలోకి పోయింది. జన్మలో కూర ముట్టని బస్సు డ్రైవరు కాబేజీని చెవి దగ్గర పెట్టుకుని తట్టి చూశాడు, లోపల ఎవరో పలుకుతారన్నట్టు. ఇంకొకాయన బీట్‌రూట్ పట్టుకుని "దీని తొక్క తీయాలా, అక్కర్లేదా?" అని గట్టిగా అడిగితే గడగడ ఆయన్ని గిల్లింది. తను మాత్రం ఒకసారి కొని, వెనక్కి వెళ్ళి, సంచి మార్చి మళ్ళీ వచ్చింది. ఫ్రిజ్ ఖాళీ అయిపోయింది. వదిన తూచింది, ఇచ్చింది, తూచింది. కొట్టు ఇంతగా నిండడం ఆమె ఇంకొక్కసారే చూసింది. అన్న పోయిన రోజున. ఆ రోజూ అందరూ ఇలాగే పని మానుకుని వచ్చారు, ఇంత మంచి మనసుతోనే.

ఆఫీసరు నెమ్మదైన మనిషి. జనం పల్చబడ్డాక గల్లా దగ్గరికొచ్చాడు.

"అమ్మా, నిజం చెబుతాను. ఈ కొట్టు ఇంకా నిలదొక్కుకోలేదేమో, ఇంకో ఏడాది వ్యాను ఇవ్వమని పైవాళ్ళను బతిమాలుదామనే వచ్చాను. ఇలాంటి కొట్ల కోసమే కదా మా డబ్బు. ఇంత గిరాకీ ఉంటే ఇక మా అవసరం ఏముంది? ఈ నెలాఖరుతో ఆపేసి, అసలేమీ లేని ఇంకో పేటకు ఇస్తాం. ఏమంటారు? మీకు ఇంకా కావాలా?"

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. వదినకు అంతా అర్థమైంది. గుమ్మం దగ్గర సంచులు పట్టుకున్నవాళ్ళను చూసింది. గడగడ కన్ను గీటింది. నిజం చెబితే పరాయి మనిషి ముందు వీళ్ళందరూ దొంగలవుతారు. అది ఒక కారణం. కానీ "కావాలి" అన్న ఒక్క మాట చెప్పడానికి ఎవర్నీ దొంగను చేయక్కర్లేదు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. నాలుక లేవలేదు.

"మీ ఇష్టం" అంది.

ఆయన దణ్ణం పెట్టి కారెక్కాడు. కారు కదిలిందో లేదో, వెనక గుమ్మం దగ్గర సందడి మొదలైంది. అందరికంటే ముందు గడగడ.

"ఎలా చేశాం వదినా? నమ్మాడా?"

"నమ్మాడు."

"చెప్పానా! అయితే వ్యాను వస్తుందిగా?"

"నెలాఖరు దాకా వస్తుంది."

"ఆ తర్వాత?"

"మనకు అక్కర్లేదట. బేరం బాగుందట."

గడగడ నోరు తెరిచింది. మాట రాలేదు. ఆ వీధిలో అలాంటిది ఎవరూ ఎన్నడూ చూడలేదు. చేతిలో సంచి కింద పెట్టి అడిగింది.

"ఇంకా కావాలా అని నిన్ను అడగలేదా?"

"అడిగాడు."

ఏమని చెప్పావని గడగడ అడగలేదు. ఆ జవాబు వీధిలో ఎవరికి తెలియదు? వెనక నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి సంచులు కింద పెట్టారు. బస్సు డ్రైవరు కాబేజీని రెండు చేతుల్లో పట్టుకుని నిలబడిపోయాడు.

"ఇది ఎక్కడ పెట్టమంటావ్ వదినా?"

ఎప్పటి మాటే నోటికొచ్చింది. వదిన దాన్ని మింగేసింది. అన్న స్టూలు ఉండే చోట చల్లగా వెలుగుతున్న ఖాళీ ఫ్రిజ్‌ను చూసింది.

"నాకు కావాలి" అంది.

"కాబేజీయా?"

"వ్యాను కావాలి. నాకు ఆయన కావాలి" అంది వదిన, కారు ఎప్పుడో మలుపు తిరిగిపోయాక.