ఉప్పు ఎవరు వేశారు?

మా పిన్నికి ఎవరైనా పని పురమాయిస్తే ఒళ్ళు మండుతుంది. అలాగని ఆమెని బద్ధకస్తురాలన్నారో, ఊరుకోను! బ్రెడ్డు పిండి పిసికేటప్పుడు ఆ చేతులు చూడాలి మీరు. బేకరీ యజమాని నష్టమని తాళం వేసి వెళ్ళిపోతే, మేం పనివాళ్ళమంతా కలిసి మళ్ళీ తెరిచాం. యజమాని లేడు, మేనేజరూ లేడు. ఇన్నేళ్ళలో మొదటిసారి పిన్ని పాడుకుంటూ పిండి కలిపింది.

పేచీ అంతా ఇద్దరి మధ్యే. పొయ్యి చూసుకునే మా బాబాయి స్వేచ్ఛా సోషలిస్టు. "పొయ్యి అందరిదీ, నిర్ణయం అందరిదీ. పైన దొరా వద్దు, సర్కారూ వద్దు" అంటాడు. బిస్కెట్లు చేసే ఆయన అరాచకవాది, అదీ ఎవరి దారి వారిదే అనే రకం. అందుకే ఆయన్ని ఒంటెద్దు అంటాం. "పదిమంది చేతులెత్తి నా నెత్తికెక్కితే అది మాత్రం దొరతనం కాదా?" అంటాడు.

"ఇద్దరికీ దొర వద్దు. మరి కొట్లాటెందుకయ్యా?" అనేది పిన్ని.

"తేడా ఉంది!" అని ఇద్దరూ ఒక్క గొంతుతో అరిచేవారు.

ఒకరోజు ఆసుపత్రి వంటగది నుంచి పెద్ద ఆర్డరొచ్చింది. చెప్పకుండానే పని అందుకునే మనుషులం కదా, పిండి తొట్టి పక్కగా వెళ్ళిన ప్రతివాళ్ళం బాధ్యతగా ఉప్పేశాం. బ్రెడ్డంతా తిరిగొచ్చింది. "ఇంకోసారి ఇలాగైతే మీకో దణ్ణం" అన్నారు.

సాయంత్రం సమావేశంలో పిన్నినే మేనేజరు చేద్దామని చేతులెత్తారు. బాబాయి కూడా తలవంచుకుని ఎత్తాడు. ఒంటెద్దు ఒక్కడే ఎత్తలేదు. పిన్నికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. దొర పోయాడని సంబరపడిన చోటే తనని దొరని చేస్తున్నారు!

విసవిసా వెళ్ళి, మూలనున్న పాత యజమాని కుర్చీలో కూర్చుంది.

"నేనేం చెప్పినా వింటారా?"

"వింటాం అక్కా."

"ఉప్పేసినవాళ్ళు ఉప్పు గరిటె మెళ్ళో వేలాడేసుకోండి. అది కనబడిందా, ఇంకెవరూ ఉప్పు జోలికి పోవద్దు. ఇక రెండోది. ఈ కుర్చీ విరగ్గొట్టి టీ పొయ్యిలో పెట్టండి. అంతే, నా మేనేజరుగిరీ అయిపోయింది!"

బాబాయి నోరు వెళ్ళబెట్టాడు. సుత్తి తెచ్చిందెవరనుకున్నారు? పుట్టి బుద్ధెరిగాక ఎవరి మాటా వినని ఒంటెద్దు!

"ఈ ఒక్కసారికే సుమా, వదినా" అన్నాడు.

ఆ టీ తాగుతూ ఎంత నవ్వామో! మర్నాడు మెళ్ళో గరిటెతో పిన్ని మళ్ళీ పాట అందుకుంది. బ్రెడ్డు ఒక్కటీ తిరిగి రాలేదు.