సైగ లేకుండా సూది దిగదు

మా నాన్న రేవులో క్రేన్ నడిపేవాడు. పైన అద్దాల గదిలో కూర్చుంటే కింద సరుకు సరిగ్గా కనిపించదు. నేల మీద నిలబడ్డ సైగలవాడి చెయ్యే ఆయనకు కళ్లు. ఆ చెయ్యి కదలనిదే ఆయన మీట కదిపేవాడు కాదు. చెయ్యి కిందికి వాల్చేస్తే పని అయిపోయినట్టు, ఇక వెళ్లొచ్చు.

ఒక ఏడాది నాన్న అరికాళ్లు మొద్దుబారాయి. కాలి కింద పెడల్ ఉందో లేదో తెలియడం లేదన్నాడు. ఒంట్లో బీ-పన్నెండు విటమిన్ అడుగంటిందని డాక్టరు తేల్చాడు. సూదిమందుతో తిమ్మిరి తగ్గితే సరే, లేదంటే క్రేన్ బదులు గేటు దగ్గర కుర్చీ. ఆ కుర్చీ పేరెత్తితేనే నాన్నకు అన్నం సహించేది కాదు.

ఆస్పత్రి దూరం. సొంతంగా పొడుచుకోవడం నేర్పడానికి నర్సమ్మ ఇంటికొచ్చింది.

"ఇదిగో బాబాయ్, తొడకి బయటి వైపు, నడిమి భాగంలో. స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వు. సూది నిటారుగా దించి, మందు మెల్లగా తొయ్యి. అంతే."

నాన్న పొల్లుపోకుండా చేశాడు. సూది మాత్రం తొడకు బెత్తెడు ఎత్తులో ఆగిపోయింది.

"దించు బాబాయ్."

"సైగేది?"

"సైగేంటి? నేను చెప్తున్నాగా!"

"నోటిమాట చెల్లదమ్మా. హోరులో వినబడదు."

గదిలో ఫ్యాను కూడా తిరగడం లేదు.

"నీ తొడ, నీ చెయ్యి. నీకు నువ్వే చెప్పుకోరాదూ?"

"నడిపేవాడూ సైగలవాడూ ఒక్కడే అయితే ఇంకేమన్నా ఉందా? మనుషులు పోతారు."

అమ్మ నుదురు కొట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడింది. నాన్న చెప్పినట్టు చూపుడువేలు కిందికి పెట్టి గుండ్రంగా తిప్పింది. సూది దిగింది. తిప్పుతున్న వేలి మీద రెండో అరచెయ్యి పెట్టింది. అంటే మెల్లగా. మందు ఎక్కింది. నర్సమ్మ తనకిచ్చే జీతంలో ఇలాంటి పాఠానికి లెక్క లేదని గొణుక్కుంటూ వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి అమ్మే సైగలమనిషి. ఒక ఉదయం మందు సగం ఎక్కేసరికి వంటింట్లో పాలు పొంగాయి. "అయ్యో పాలు!" అని అమ్మ రెండు చేతులూ బారచాపి ఊపుతూ పరుగెత్తింది. రేవులో దానికి అర్థం, ఎక్కడిదక్కడ ఆపెయ్యమని. ఆపినవాళ్లే వచ్చి విడిపించాలి. నాన్న బిగుసుకుపోయాడు. అమ్మ పొయ్యి కట్టేసి, పక్కింటావిడ పలకరిస్తే గోడ దగ్గర కబుర్లలో పడింది.

నేను వెళ్లేసరికి నాన్న తొడలో సూదితో ఫొటోకి కూర్చున్నట్టున్నాడు.

"తీసెయ్యి నాన్నా!"

"ఆపింది మీ అమ్మ."

"నేను సైగ చెయ్యనా?"

"ఒక బరువుకి ఇద్దరు సైగలవాళ్లుండరే. వెళ్లి దాన్ని పిలుచుకురా. మెల్లగా నడు, నేల అదురుతుంది."

అమ్మ వచ్చి తిట్ల దండకం ఎత్తుకుంది. "బుర్రుందా మీకు? నేను అటు నుంచి అటే పోయుంటే ఏం చేసేవారు?"

"ఇలాగే కూర్చునేవాణ్ణి" అన్నాడు నాన్న.

అమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది. వేలు తిప్పింది.

కొన్నాళ్లకు ఒక పొద్దున నాన్న మంచం దిగుతూ, నేల ఇంత చల్లగా తగలడిందేమిటని విసుక్కున్నాడు. ఆ విసుగు విని అమ్మ కళ్లు తుడుచుకుంది. ఆయన మళ్లీ క్రేన్ ఎక్కాడు. పని మానేదాకా గేటు కుర్చీలో కూర్చోలేదు.

మొన్న నాన్న పోయాడు. శవపెట్టెను గుంటలోకి దించుతున్న నలుగురూ తాళ్లను తలో రకంగా వదిలారు. ఒకడు ఆగమంటే ఇంకొకడు వదలమన్నాడు. తలవైపు జారిపోతోంది. అమ్మ నా చెయ్యి విదిలించుకుని గుంట అంచుకి వెళ్లి, నలుగురికీ కనిపించేలా నిలబడి అరచెయ్యి చాపింది. వాళ్లకు ఆ భాష రాదు. అయినా ఆగారు. కాళ్లవైపు వాళ్లకు మాత్రం వేలు తిప్పింది. పెట్టె సమానమయ్యాక అందరికీ తిప్పి, పైన రెండో అరచెయ్యి పెట్టింది.

పెట్టె అడుగుకి ఆనిన చప్పుడు కూడా కాలేదు. అమ్మ మళ్లీ అరచెయ్యి చాపింది. తాళ్లు పైకి లాగేశాక కూడా ఆ చెయ్యి అలాగే ఉంది.

"అయిపోయిందత్తా. చెయ్యి దించు" అన్నాడు వాళ్లలో ఒకడు.

"దించితే వెళ్లిపొమ్మన్నట్టేరా" అంది అమ్మ.