అక్కను ఆ గదిలోకి పంపింది నేనే

మా అక్కది కర్ఖేలి పల్లె, నాది నాందేడు పట్నం. కరోనా మొదటిసారి వచ్చినప్పుడు ఇద్దరికీ సోకింది. నాలుగు రోజులు మూలిగి లేచాం. ఆ చలికాలం అక్క మా ఇంటికి వస్తే ల్యాబుకు తీసుకెళ్ళి ఇద్దరికీ యాంటీబాడీ పరీక్ష చేయించాను. రిపోర్టులో అక్క అంకె నా అంకెకు మూడింతలుంది. పత్తి ఏరిన ఒళ్ళు మరి, అని ఆటపట్టిస్తే మురిసిపోయింది.

నేను జిల్లా పరిషత్ శాళలో టీచర్ని. కరోనా సర్వే డ్యూటీ చేశామని మాకు టీకా ముందే ఇచ్చారు. రెండు సూదులూ వేయించుకున్నాను. అక్కకు చెప్పలేదు. దాచాలని కాదు, ఆ మాట రాలేదంతే.

ఎండలు ముదిరే వేళకు వాళ్ళ ఊళ్ళోనూ సూదులు మొదలయ్యాయి. అక్క ఫోన్ చేసి, అమ్మవారు ఒకసారి పోస్తే మళ్ళీ పోయదు కదా, ఇదీ అంతేనా, సూది వేయించుకోవాలా వద్దా అని అడిగింది. నేను పేపర్లు దిద్దే విసుగులో ఉన్నాను. అంత పెద్ద అంకె పెట్టుకుని నీకెందుకక్కా అనేశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు చూడండి, అదిగో, నేనే. చెల్లె చదువుకున్నదని అడిగింది, చెల్లె వద్దంది, మానేసింది.

పదిహేను రోజులు తిరక్కుండా మా ఆయన కరోనాతో పడిపోయాడు. రేపు మాపు అంటూ సూది వేయించుకోని మనిషి. దవాఖానాల్లో మంచాలు లేవు. ఇంట్లోనే విడిగా ఉంచమన్నాడు డాక్టరు. ఇప్పుడొచ్చిన రకం రూపు మార్చుకుందనీ, పాతది సోకిందన్న ధీమా దీని ముందు చాలదనీ, సోకి లేచాక టీకా కూడా పడ్డవాళ్ళకే కాస్త గట్టి బలమనీ, అలాంటివాళ్ళు దగ్గరుండి చూసుకుంటే మంచిదనీ చెప్పాడు. ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని అడిగాడు.

లేరన్నాను. అంత తేలిగ్గా వచ్చింది అబద్ధం. సర్వేలో తిరిగినప్పుడు చూసిన ముఖాలు కళ్ళలో మెదులుతుంటే ఆ గది తలుపు తీయడానికి నా చెయ్యి రాలేదు. ఉత్త పిరికిదాన్ని. బయటికొచ్చి అక్కకు ఫోన్ చేశాను. నీకైతే ఏం కాదక్కా, రావా అన్నాను.

కూరగాయల టెంపోలో వచ్చింది. పది రోజులు ఆయనకు ఒళ్ళు తుడిచింది, గంజి తాగించింది, వాంతులు ఎత్తిపోసింది. నేను గడప దగ్గర గిన్నె పెట్టి వెనక్కి జరిగేదాన్ని. ఆయన లేచి కూర్చున్న మూడో రోజు అక్కకు దగ్గు మొదలైంది.

ఇరవై రోజులకు పైగా ఆక్సిజన్ మీద ఉంది. బతికింది. అయితే అక్క ఇప్పుడు పత్తి ఏరదు. రెండు సాళ్ళు నడిస్తే ఎగశ్వాస. మొన్న దీపావళి సెలవుల్లో వెళ్తే చేను గట్టు మీద కూర్చుని కూలివాళ్ళకు కేకలు వేస్తోంది, ఆ కేక కూడా సగంలోనే ఆగిపోతోంది. నాకిక ఆగలేదు. పక్కన కూలబడి అంతా చెప్పేశాను. రెండు సూదులు, డాక్టరు అడిగింది, నేను లేరన్నది. నన్ను తిట్టక్కా అని ఏడ్చాను.

అక్క కాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"నాకెర్కనే. నీకు సూదులైనయని రెండో దినమే నీ పెనిమిటి చెప్పిండు."

తెలిసీ ఎందుకున్నావని అడిగాను.

"నేను ఎల్లిపోతే, నువ్వు లోపటికి అస్తుంటివా?"