రాక్ బ్యాండు పరీక్షలో ఆగని పాట

మా మేనమామకు కర్నూలులో పెళ్లి బ్యాండు ఉంది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేస్తున్నప్పటి నుంచీ నేను అందులో సైడ్ డ్రమ్ము వాయిస్తున్నాను. మెడలో పట్టీ, పట్టీకి డ్రమ్ము, ఒంటి మీద జరీ అంచుల ఎర్ర కోటు. కోట్లన్నీ ఒకే కొలతకు కుట్టించినవి కాబట్టి నాకు చేతులు పొడుగు, మామకు పొట్ట దగ్గర బిగుతు. ఊరేగింపు నడుస్తుంది, దాని ముందు మేమూ నడుస్తాం. కూర్చుని వాయించడమన్నది నేనెరుగను. నాకున్న కోరిక కూడా అదే. ఒక స్టూలు మీద కూర్చుని, డ్రమ్ములూ తాళాలూ చుట్టూ అమర్చుకుని, వచ్చిన జనం వినడానికే వచ్చారన్న నమ్మకంతో వాయించాలి. పెళ్లికి వచ్చేవాళ్లు భోజనానికి వస్తారు.

కడపలో ఒక రాక్ బ్యాండు ఉంది. సీమలో ఏ ఇంజనీరింగ్ కాలేజీ ఉత్సవమైనా వాళ్ల పాటతోనే ముగుస్తుంది. వాళ్ల డ్రమ్మరు బ్యాంకు ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయాడు. కొత్తవాడు కావాలన్న ప్రకటన ఫోన్లో చూసి, నేను వాయిస్తున్న వీడియో ఒకటి పంపాను. కోటు కనపడకుండా మణికట్ల నుంచి కిందికే తీశాను. రమ్మన్నారు.

వాళ్ల పాట ఒకటి నేర్చుకోవడానికి ఇంట్లో బకెట్లు బోర్లించి, వాటి మధ్య పీట వేసుకుని కూర్చున్నాను. మామ వచ్చి చూశాడు.

“ఏంరా అల్లుడా, స్నానానికి చెంబు కూడా మిగిలీకుండా చేస్తాండావు?”

సంగతి చెప్పాను.

“కూర్చొని వాయించేదానికి కడప దాకా పోవల్లనా? ఈడ కుర్చీ ల్యాదా?”

“అది వేరే మామా.”

“ఏం వేరే? ఆడ డ్రమ్మును ముద్దు పెట్టుకుంటారా? ఆడా కొట్టేదే కదా.”

కడపలో వాళ్ల గది ఒక బండల డిపో మీద ఉంది. శబ్దం బయటికి పోకుండా గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించారు. గాలి కోసం తలుపు మాత్రం తెరిచే ఉంచారు. ఉన్నది ముగ్గురు. నడుము దాకా జుట్టున్న పాటగాడు, గిటారు వాయించే అతను, బేస్ గిటారు పట్టుకున్న కళ్లద్దాలాయన. మిగతా ఇద్దరూ ఏం చేసినా ముందు ఆయన ముఖం చూస్తున్నారు కాబట్టి పెద్ద ఆయనే అనుకున్నాను.

స్టూలు నేననుకున్నట్టే ఉంది. పాట మొదలైంది. నా వేగం సరిగ్గా ఉంది, మలుపులు సరిగ్గా పడ్డాయి. ఆఖరి చరణం అయ్యాక డ్రమ్మరు ఒక పెద్ద దెబ్బ కొడితే అందరూ అక్కడ ఆగాలి. అది నాకు తెలుసు. కానీ సరిగ్గా అప్పుడే పాటగాడు మైకు వదిలేసి, జుట్టు విరబోసుకుని గెంతడం మొదలుపెట్టాడు. నా చేతులు ఆగలేదు.

పెళ్లి బ్యాండులో నేర్చుకున్న మొదటి పాఠం అది. ముందు ఒక్క మనిషి ఆడుతున్నా పాట ముగించకూడదు. అతను తనంతట తాను ఆగేదాకా ఆఖరి వరుసే తిప్పి తిప్పి వాయించాలి. కొత్తలో నేనొకసారి ముందే ఆపితే మామ నా వేళ్ల మీద పుల్లతో కొట్టాడు.

రాక్ బ్యాండులో డ్రమ్ము ఆగేదాకా పాటగాడు గెంతాలట. మా దగ్గర గెంతేవాడు ఆగేదాకా డ్రమ్ము మోగాలి. ఈ రెంటినీ ఒక గదిలో పెడితే ఏమవుతుందో ఎలక్ట్రానిక్స్ చదివిన నాకు తట్టి ఉండాల్సింది. స్పీకరు ముందు మైకు పెడితే కూత పుట్టినట్టు ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి.

గిటారు అతను తనకు వచ్చినవన్నీ వాయించేసి, చివరికి మొదటి రోజు నేర్చుకున్న సరళీ వరుసల్లాంటివి అందుకున్నాడు. పాటగాడి ముఖంలో మొదట సంతోషం, తర్వాత సందేహం, తర్వాత ఏదో వేడుకోలు కనిపించాయి. పెళ్లికొడుకు స్నేహితుల ముఖాలు కూడా కాసేపటికి అట్లాగే అవుతాయి. వేగం పెంచమంటున్నాడని పెంచాను.

అప్పుడు కరెంటు పోయింది. గిటార్లు రెండూ మూగబోయాయి. పెళ్లి బ్యాండుకు కరెంటుతో పని లేదు. పాటగాడు ఇదే అదననుకుని నేల మీద కూలబడ్డాడు. ఆపేవాణ్ణే గానీ, కింద లారీకి బండలు ఎత్తే ఒక పెద్దాయన ఎప్పుడు మెట్లెక్కి వచ్చాడో, గుమ్మంలో తువ్వాలు తిప్పుతూ ఆడుతున్నాడు. ఆయన కోసం వాయించాను. కింద నుంచి ఎవరో కేకేస్తే ఆయన వెళ్లాడు, నేను ఆపాను.

“నీకు ఆపేది రాదా బ్రో?” అన్నాడు పాటగాడు, పడుకునే.

“మీరు ఆగుతారేమోనని చూస్తాండానన్నా.”

“నేనా? నువ్వు ఆపితే కదప్పా నేను ఆగేది. కాళ్లు పోయినాయి నాకు.”

కళ్లద్దాలాయన నవ్వాడు. “చెయ్యి శానా బాగుండాది. కరెంటు రానీ, ఇంగొకసారి వాయిద్దాం. నా తల చూడు. నేనెప్పుడు ఊపితే అప్పుడు ఆపు.”

రెండోసారి ఆయన తలను తప్ప దేన్నీ చూడలేదు. తల ఊగింది, దెబ్బ పడింది. గిటార్లు రెండూ కత్తిరించినట్టు ఆగాయి. గాలిలో ఉన్న పాటగాడు నిశ్శబ్దంలోకి దిగి, “ఇదీ ముగింపంటే” అన్నాడు.

నేను గుమ్మం వైపు చూశాను. బండలెత్తే పెద్దాయన మళ్లీ వచ్చి ఉన్నాడు. తువ్వాలు పైకెత్తి, ఒక కాలు లేపి అట్లాగే నిలబడిపోయాడు. మా అందరినీ ఒకసారి చూశాడు. కాలు దించి, తువ్వాలు ఎత్తింది అందుకే అన్నట్టు ముఖం తుడుచుకుని, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

“శుక్రవారం నుంచి ప్రాక్టీసు. వస్తావు కదా?” అన్నాడు కళ్లద్దాలాయన. స్టూలు నాదైపోయింది. ఆలోచించి చెప్తానన్నాను.

తిరుగు దారిలో మైదుకూరులో బస్సు ఆగినప్పుడు కళ్లద్దాలాయనకు ఫోను చేసి రానని చెప్పాను.

“ఏమప్పా, మా పాటలు నచ్చలేదా?”

“పాటలు బాగుండాయన్నా. మనిషి ఆడుతాంటే ఆపేదే నాతో అయ్యేట్టు లేదు.”

“కింద బండలెత్తే ఆయన అడుగుతాండాడు, ఆ డ్రమ్ము పిల్లోడు మళ్లా ఎప్పుడొస్తాడని. ఏం చెప్పల్ల?”

“వాళ్లింట్లో పెండ్లి పెట్టుకోమనన్నా,” అన్నాను. “మా మామతో చెప్పి బ్యాండంతా తోలుకొస్తా.”