నూట పన్నెండు ముడులు

గద్వాల బస్టాండు ఎదురుగా కంప్యూటర్లు బాగుచేసే మక్బూల్‌కు మిషన్లతో ఏనాడూ పేచీ రాలేదు. పేచీ అంతా వాటి యజమానులతోనే. రేడియోల కాలం నుంచి ఇరవయ్యేళ్లుగా ఊరంతటినీ తిట్టిపోస్తూనే బతుకుతున్నాడు. 2007లో అతని కోపాన్ని నషాళానికెక్కించినవాడు, చీరల అంచులకు డిజైన్లు గీయించే సాలె నరసింగప్ప.

నరసింగప్ప డిజైన్లన్నీ ఒకే హార్డ్‌డిస్కులో ఉన్నాయి. డిస్కులో ఒక చోటు చెడితే, అది విడిగా దాచుకున్న మంచి చోటును బదులుగా వాడుకుంటుంది. అలా ఎన్నిసార్లు మార్చుకుందో లెక్క కూడా చూపిస్తుంది. ఆ అంకె ఉగాదికి ఎనిమిది. మూడు నెలలకు నూట పన్నెండు.

"డిస్కు పోయేటట్టుంది, కాపీ తీసుకోమని ఎన్నిసార్లు చెప్పాలె నీకు?" అని అరిచాడు మక్బూల్.

"అంకె పెరుగుతుంది గదా భాయ్, మంచిదే గదా! కింద ఓకే అని పచ్చగ రాసి గూడ ఉంది," అన్నాడు నరసింగప్ప తాపీగా.

మక్బూల్ తల పట్టుకున్నాడు. "ఓ అన్నా, మగ్గం మీద పోగు తెగితే ఏం చేస్తవ్?"

"ముడేస్త."

"దీంట్ల నూట పన్నెండు ముడులు పడినయ్. ఇంకా తెగుతనే ఉన్నయ్."

నరసింగప్ప దిగ్గున లేచాడు.

"గసొంటి పడుగును ఎవడన్న మగ్గం మీద ఉంచుతడా? ముందు కాపీ తియ్యి!" అని, మక్బూల్ వైపు ఉరిమి చూశాడు. "మూడు నెలల సంది అంకెలు సదువుతున్నవ్. గీ ముడుల ముక్క ఉగాదినాడే చెప్పనీకి నీకేమైంది?"

ఇరవయ్యేళ్లలో మొదటిసారి మక్బూల్ తనను తానే తిట్టుకుంటూ కాపీ తియ్యడానికి కూర్చున్నాడు.