పులి చెవి

మా మేనమామ హైదరాబాద్‌లో ఒక మ్యూజియంలో టెంపరరీ అటెండరు. చచ్చిన జంతువుల చర్మాల్లో గడ్డి కూరి నిలబెట్టిన పెద్ద హాలు ఆయనకప్పగించారు. పక్కనే నక్షత్రశాల. ఎండాకాలం సెలవులివ్వగానే అమ్మ నన్ను జగిత్యాలలో తెలిసిన కండక్టరుకు అప్పజెప్పేది, హైదరాబాద్‌లో మామ దించుకునేవాడు. మా ఊరు గొల్లపల్లి పక్కన, నాన్న కల్లుకు తాళ్ళు గీసేవాడు. మా బడిలో ఎవరూ చూడని తిమింగలం దవడ నేను చూశానన్న గర్వం నాకు లోపల బాగానే ఉండేది. పైకి మాత్రం చెప్పుకునేదాన్ని కాదు.

ఎందుకంటే ఆ రోజుల్లో మా ఊరికి అడవిలోంచి అన్నలు వచ్చేవారు, వాళ్ళ వెనకే పోలీసులు వచ్చేవారు. ఇద్దరూ ముందు పిల్లల్నే అడిగేవారు. పెద్దవాళ్ళు అబద్ధమాడతారని ఇద్దరికీ తెలుసు. అందుకని నాయినమ్మ నాకు ఎక్కాలకంటే ముందు జవాబు నేర్పింది.

"ఎవలడిగినా నేన్ జూడలె అనాలె. మంచోళ్ళడిగినా గంతే, చెడ్డోళ్ళడిగినా గంతే."

"మంచోళ్ళెవలు నాయినమ్మా?" అన్నాను. నెత్తిన ఒక్కటి మొట్టింది. ఆ ప్రశ్నకు జవాబు నాకిప్పటికీ తెలియదు, మొట్టికాయ మాత్రం గుర్తుంది.

మొదటి ఏడాది నక్షత్రశాలలో పట్టపగలు లైట్లన్నీ ఆర్పేశారు. ఎక్కడినుంచో ఒక గొంతు "పైకి చూడండి" అంది. నేను గట్టిగా కళ్ళు మూసుకున్నాను. చీకట్లో మనిషి అలికిడైతే చూడకూడదనే కదా నాకు తెలిసింది! చుట్టూ జనం ఆహా ఓహో అంటుంటే వీళ్ళకు పెద్దవాళ్ళు ఏమీ నేర్పలేదా అనుకున్నాను. బయటికొచ్చాక మామ "చుక్కలు జూసినవా బిడ్డా?" అన్నాడు.

"నేన్ జూడలె."

పాపం, అది నిజమే. ఆయన నవ్వి మరో ఆటకు కూర్చోబెట్టాడు. ఈసారి ఒక కన్ను తెరిచి చూశాను. ఇవన్నీ మన ఇంటి మీద కనిపించే చుక్కలే అని మామ చెప్పాడు. మన ఇంటి మీద చుక్కలకు ఇక్కడ టికెట్టెందుకో నాకు అర్థం కాలేదు.

నాలుగో ఏడు నాకు పదకొండేళ్ళు. ఆ ఎండాకాలం మామ హుషారుగా ఉన్నాడు. నౌకరీ పర్మినెంటయ్యే కాగితం పెద్దసారు టేబుల్ మీద ఉందట. పెళ్ళయినప్పటినుంచీ అత్త కోరుట్లలోనే బీడీలు చేసుకుంటూ ఉంది.

"సంతకం అయిందంటె అత్తను గీడికే తీస్కస్త. రూం గూడ జూసిన" అన్నాడు.

ఆ మాట చెప్పిన మూడో రోజు మధ్యాహ్నం. మామ సిరిసిల్ల తువ్వాల ముక్కతో పక్షుల పెట్టెల అద్దాలు తుడుస్తున్నాడు, నేను బెంచీ మీద ఉన్నాను. సఫారీ సూటు, పొట్టి క్రాపు ఉన్న మనిషొకాయన భార్యాబిడ్డలతో వచ్చాడు. ఫోటో కోసం చిన్నపాపను అడ్డంగా కట్టిన తాడు మీదుగా ఎత్తి పులి వీపు మీద కూర్చోబెట్టాడు. పాప జారిపోతూ చెవి పట్టుకుంది. చెవి ఊడి చేతికొచ్చింది. ఆయన దాన్ని తీసి పులి కాళ్ళ దగ్గర పెట్టి, అటూ ఇటూ చూసి, నా వైపు కూడా ఒకసారి చూసి, చల్లగా బయటికి నడిచాడు. ఫోటో మాత్రం దిగే వెళ్ళారు!

పెద్దసారు వచ్చేసరికి హాల్లో మామ, నేను, ఒంటిచెవి పులి.

"తుడుస్తూ లాగేశావా?" అన్నాడు సారు.

"లేదు సార్."

"మరెవరు చేశారు?"

"నేన్ జూడలె సార్."

సారు నా ముందు గొంతుక్కూర్చున్నాడు. "భయపడకు తల్లీ. నువ్వు చూశావా?"

ఆయన మంచివాడిలాగే ఉన్నాడు. నేను భయపడింది అందుకే. మా ఊళ్ళోనూ మొదట అంత మెత్తగానే అడిగేవారు. తలుపులోంచి చూస్తే సఫారీ ఆయన గేటు దగ్గర పాపకు ఐస్‌ఫ్రూట్ కొనిస్తున్నాడు. వేలు చూపిస్తే సరిపోయేది. నా చెయ్యి లేవలేదు.

"నేన్ జూడలె సార్."

సారు లేచి నిలబడి మామ వంక చూశాడు. ఆ చూపులో కోపం కంటే నిరాశే ఎక్కువనిపించింది. మామను మర్నాటినుంచి పనికి రావద్దన్నారు.

కోరుట్ల బస్సులో మామ ట్రంకుపెట్టె కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. కరీంనగర్ దాటాక నావల్ల కాలేదు, ఏడ్చేశాను.

"నేన్ జూసిన మామా. గా సఫారీ ఆయననే."

ఆయన చెయ్యెత్తితే కొడతాడనుకున్నాను. నా ముఖం తుడిచాడు.

"నేన్ గూడ జూసిన బిడ్డా. నేను తుడిసే అద్దంల మంచిగ కనవడ్డడు."

నాకు ఏడుపు ఆగిపోయింది. అత్త కోసం చూసిన రూము, టేబుల్ మీది కాగితం, అన్నీ ఆయనవే కదా. "మరి నువ్వెందుకు జెప్పలె?"

మామ కిటికీ వైపు తిరిగాడు. పెద్దసారు ఎవరినీ కొట్టే మనిషి కాదు. సఫారీ ఆయన ఎవరో మాకు తెలియదు, మేమెవరో ఆయనకు తెలియదు. మామ ఇటు తిరిగేసరికి, ఆ ముఖం నాకంటే చిన్నపిల్లవాడి ముఖంలా ఉంది.

"ఏమో బిడ్డా. అడిగిండు గదా... భయమైంది."